బారావీ అయిపోయింది, ఇక ఏం చదవాలె?

బారావీ ఫలితాలు వచ్చిన రోజు మా షోలాపూర్ వాడల్లో పేడాలు పంచుతారు. తెల్లారి నుంచి లొల్లి మొదలవుతుంది. ఏం చదివించాలె, ఎవరిని అడగాలె, ఫీజుకు ఎవరి భిషి ఎత్తాలె అని. ఈ ఏడు ఆ లొల్లి మా అక్క ఇంట్లో పడ్డది.

అక్క బిడ్డ ఆర్ట్సులో 78 శాతంతో పాసయింది. "బీఏలో సైకాలజీ తీసుకుంట" అన్నది. అక్క ఒళ్లో బీడీల చాట. తునికాకు కత్తిరిస్తున్న కత్తెర అట్లనే ఆగింది. "పిచ్చోళ్ల చదువా? రేపు పెండ్లి సంబంధం వస్తే ఏమని చెప్పాలె?" అన్నది. మా పెద్దమామ కొడుకు పుణెలో కంపెనీల ఉన్నడు, వాడు ఫోన్లోనే తీర్పు చెప్పిండు: బీసీఏలో వెయ్యండి, మూడేండ్లల్ల నౌకరి అని. బావ మాత్రం ఎప్పట్లాగే తలుపు పక్కన కూర్చుని వాడలోకి చూస్తున్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. చాలా ఏండ్లుగా ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

పిల్లకు నచ్చజెప్పే పని నా మీద పెట్టారు. నేను చాదర్లకు జకార్డు డిజైన్లు వేసేవాణ్ని. కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి చదువుల సంగతి నాకు తెలుసునని మా వాళ్ల నమ్మకం. నేను చదివింది దహావీ, అదీ రాత్రి బడిలో. అయినా పోయి చెప్పిన. పిల్ల అంతా విన్నది. విని, "మామా, నువ్వు ఆ పుస్తకాలు ఎన్నడన్న తెరిచి చూసినవా? చూసి చెప్పు. అప్పుడు నువ్వు ఏమంటే అది" అన్నది.

పంతానికి ఒప్పుకున్న. ఆ పిల్ల సైకాలజీ పుస్తకాలు, మా వాడి డిప్లొమా పుస్తకాలు, పక్కింటి బీఏ పిల్లాడి సాహిత్యం పుస్తకాలు ముందేసుకుని నెల రోజులు కూర్చున్న. సగం మరాఠీ, సగం ఇంగ్లీషు. తెలియనిచోట పిల్లల్నే అడిగిన. మన పత్రిక చదివే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న కూడా ఇదే గనక, నాకు ఎక్కినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు నాకు దగ్గరి సంగతి, టెక్నాలజీ. మా వాడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా మూడో ఏడు. దహావీ తర్వాత మూడేండ్ల చదువు ఇది. పాసైతే ఇంజనీరింగులో నేరుగా రెండో ఏడుకు పోవచ్చు. వాడి డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పుస్తకం తెరిస్తే మొదటి పాఠంలోనే సున్నా, ఒకటి. ఈ రెండంకెల మీదనే కంప్యూటర్ అంతా నడుస్తదట. నాకు నవ్వొచ్చింది. 22 ఏండ్లు నేను చేసిన పని అదే గదా!

జకార్డు పని తెలియని వాళ్ల కోసం చెప్తాను. చాదర్ మీద నెమలి కావాలంటే ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి బొమ్మ వేస్తారు. ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. ఆ వరుస చూసుకుంటూ అట్టకు చిల్లులు కొట్టాలి. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం లేస్తుంది, పడుగు దారం పైకొస్తుంది. చిల్లు లేనిచోట దారం కిందనే ఉంటుంది. అంతే, ఉంది లేదా లేదు. అట్టలన్నీ వరుసగా దారంతో కుట్టి మగ్గం మీదికెక్కిస్తే అవి ఒకటి తర్వాత ఒకటి తిరుగుతుంటాయి, కింద నెమలి పురి విప్పుతుంది. ఒక్క చిల్లు తప్పు పడితే ఆ తప్పు ప్రతి చాదర్‌లో అదే చోట వస్తుంది. నేను ఒకసారి నెమలి కంటిని తోకలో పెట్టిన. సేటు తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఈ అట్టల పద్ధతిని గట్టిగా నిలబెట్టినవాడు ఫ్రాన్సులోని లియోన్ ఊరి జకార్డ్. 1804లో. ఆయన పేరే మన నోట్లో జకార్డు అయింది. 1839లో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయి. లండన్‌లో ఛార్లెస్ బాబేజ్ అనే లెక్కల పండితుడు ఆ పట్టు బొమ్మ ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయన అప్పటికే ఒక లెక్కల యంత్రం గీస్తున్నాడు. దానికి పని చెప్పడానికి మన అట్టలనే ఎంచుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు గానీ, ఇప్పటి కంప్యూటర్ వంశం చెప్పేటప్పుడు దాన్నే ముందు పెడతారు. 1890లో అమెరికా జనగణన లెక్కలు కూడా చిల్లుల అట్టలతోనే తీశారు. మన కార్ఖానాలో దుమ్ము కొట్టుకుని వేలాడే అట్టల దండ, మా వాడి పుస్తకం, రెండూ ఒకే ఇంటివి. ఈ సంగతి చెప్తే వాడు నా అట్టల మూట మొదటిసారి విప్పి చూసిండు.

అయితే ఈ చదువు అందరికీ పడదు. అసలు సరుకంతా లెక్కలే. మా వాడికి మొదటి ఏడు గణితంలో ఏటీకేటీ వచ్చింది, రెండుసార్లు రాసి గట్టెక్కిండు. సీ భాష, డేటాబేసు, నెట్‌వర్కు అన్నిట్లోనూ ఓపిగ్గా కూర్చుని తన తప్పు తానే వెతుక్కునే గుణం కావాలి. ఫోను బాగా నొక్కుతున్నడు గనక కంప్యూటర్‌లో వేద్దామనే వాళ్లు మన దగ్గర ఎక్కువ. ఫోను నొక్కేవాడికీ ప్రోగ్రాం రాసేవాడికీ తేడా చాలా ఉంది. చాదర్ కప్పుకునేవాడు నేతగాడు అవుతాడా?

ఇంకో మాట. జకార్డు రాకముందు పెద్ద డిజైన్ నేయాలంటే దారాలు లాగడానికి ఒక పిల్లగాడు ఉండేవాడు. జకార్డు వచ్చింది, వాడి పని పోయింది. కంప్యూటర్‌తో నడిచే జకార్డులు వచ్చినంక అట్టలు కొట్టేవాళ్ల పని పోయింది. మా షాపులో నలుగురం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కణ్ని. మౌసు పట్టడం నేర్చుకున్న గనక మిగిలిన. మూడేండ్లల్ల నౌకరి అనేవాళ్లు ఆ నౌకరి ఎన్నేండ్లు ఉంటదో చెప్పరు.

బాబేజ్ దగ్గర ఆగితే కథ సగమే. ఆయన యంత్రం గురించి అందరికంటే బాగా అర్థం చేసుకుని రాసింది ఒక ఆడమనిషి, ఏడా లవ్‌లేస్. 1843లో ఒక ఫ్రెంచి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, అసలు వ్యాసం కంటే పొడుగ్గా తన వివరణలు జోడించింది. వాటిలో ఆ యంత్రాన్ని జకార్డు మగ్గంతోనే పోల్చింది. ఈమె ఎవరనుకున్నారు? లార్డ్ బైరన్ అనే పెద్ద కవి బిడ్డ. బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి పోకడ రాకూడదని తల్లి పట్టుబట్టి లెక్కలు చెప్పించింది. మన అక్కాచెల్లెళ్ల లాగనే! ఆ తల్లి పంతం మంచికే వచ్చింది గానీ, ఆ లెక్కల గురించి రాసేటప్పుడు కూడా బిడ్డలో తండ్రి తొంగిచూశాడని పక్కింటి పిల్లాడు అంటాడు.

బైరన్ పేరు నాకు ఆ పిల్లాడి పుస్తకంలోనే దొరికింది. వాడు బీఏ మరాఠీ రెండో ఏడు, పక్కన ఇంగ్లీషు సాహిత్యం. వాడి తల్లీ బీడీలే చుడుతుంది. "కవితలు చదివితే కడుపు నిండుతదా" అని వాడిని వాడంతా ఆటపట్టిస్తారు, నేనూ అన్నవాణ్నే. ఇప్పుడు బైరన్ సంగతి వినండి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దిక్కు మేజోళ్లు అల్లే పనివాళ్లు కూలి పడిపోయి, ఆకలికి తాళలేక యంత్రాలు పగలగొట్టారు. పగలగొట్టినవాళ్లకు ఉరిశిక్ష వేసే చట్టం తెస్తున్నారు. 1812 ఫిబ్రవరి 27న పెద్దల సభలో లేచి దాన్ని ఎదిరించి మాట్లాడినవాడు ఈ బైరనే. అప్పటికి 24 ఏండ్లవాడు, సభలో అదే మొదటి మాట. చట్టం ఆగలేదు. కానీ పనివాళ్ల పక్షాన ఒక కవి లేచాడన్నది పుస్తకంలో మిగిలింది.

డికెన్స్ రాసిన 'హార్డ్ టైమ్స్' నవల, 1854ది, వాడే నాకు చదివి చెప్పిండు. మిల్లుల ఊరు, పొగ, అందులో స్టీఫెన్ అనే నేతకాడు. ఆ నవల మొదలయ్యేదే ఒక బడితో. పిల్లలకు లెక్కకు, కొలతకు అందేవి తప్ప ఇంకేమీ చెప్పొద్దనే బడి. విన్నంతసేపు నాకు పుణె ఫోను గుర్తుకొచ్చింది.

దూరం ఎందుకు? ముంబైలో మిల్లు కార్మికుడొకాయనకు వీధిలో దొరికిన పసిబిడ్డ, ఆయన పెంచుకున్న కొడుకు, నారాయణ్ సుర్వే. మునిసిపల్ బడిలో ప్యూనుగా చేసి తర్వాత అక్కడే పంతులయ్యాడు. మరాఠీలో మిల్లు మనుషుల కవి అంటే ఆయనే. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. కన్నడంలో వచనాలు చెప్పిన జేడర దాసిమయ్య నేతగాడు. జేడర అంటేనే నేతవాడని అర్థం. మనం ఏటా సంక్రాంతికి గడ్డా జాతరలో మొక్కే సిద్ధరామేశ్వరుడు కూడా కవే, 12వ శతాబ్దం వాడు. నలభై ఏండ్లు ఆ జాతరకు పోయిన, ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.

సాహిత్యం అంటే కథలు చదువుకోవడమేనని అనుకునేవాణ్ని. ఛందస్సు, నాటకం, విమర్శ, భాషాశాస్త్రం, అనువాదం, ఇన్ని ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, పక్కవాడలో కన్నడం మాట్లాడే మన పిల్లలు ఈ చదువుకు అరువు తెచ్చుకునేది ఏమీ లేదు. నిజం కూడా చెప్పాలి. బీఏ కాగానే ఉద్యోగం ఎదురు చూడదు. బడిలో చెప్పాలంటే బీఎడ్, కాలేజీలో చెప్పాలంటే ఎంఏ తర్వాత సెట్టు గానీ నెట్టు గానీ గట్టెక్కాలి. ఏండ్లు పడుతుంది. ఆ పిల్లాడు ఇప్పుడు చేసే పని మాత్రం చూస్తున్నాను. వాడలో పీఎఫ్ కాగితం వచ్చినా, ఆసుపత్రి కాగితం వచ్చినా ముసలమ్మలు వాడి దగ్గరికే పోతారు. చదివి, ఇది నీకు రావలసిన పైసలు, ఇది వాళ్లు కోసుకున్నది అని తెలుగులో విడమరిచి చెప్తాడు.

ఇక సైకాలజీ. ఈ పుస్తకం చివరకు తీసిన, కావాలనే.

మా అక్క భయపడ్డ పిచ్చి అనేది ఆ పుస్తకంలో ఒక పాఠం, అంతే. మిగతాదంతా మామూలు మనుషుల గురించే. మనం ఎట్లా చూస్తాం, ఎట్లా వింటాం, ఎందుకు మరిచిపోతాం, పసిపిల్ల మాటలు ఎట్లా నేర్చుకుంటుంది, పది మంది గుమిగూడితే ఒక్కడు ఎట్లా మారుతాడు. 1879లో జర్మనీలో లైప్‌జిగ్‌లో వుండ్ట్ అనే ఆయన దీనికి ప్రయోగశాల పెట్టాడు. మన దేశంలో కలకత్తా యూనివర్సిటీలో 1916లోనే ఈ శాఖ మొదలైంది. ఎబ్బింగ్‌హౌస్ అనే ఇంకో జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంత సేపటికి ఎంత మరిచిపోతున్నాడో తానే లెక్క రాసుకున్నాడు. ఎంత ఓపిక! లెక్కలు తప్పించుకోవడానికి ఆర్ట్సు తీసుకునే పిల్లలు జాగ్రత్త, ఇందులో స్టాటిస్టిక్స్ తప్పదు. మా పిల్లకు ఇప్పుడు మా వాడే నేర్పుతున్నాడు.

నన్ను కూర్చోబెట్టింది మాత్రం కార్ఖానాల సైకాలజీ. 1923లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని ఒక నూలు మిల్లుకు ఎల్టన్ మేయో అనే ఆయన్ని పిలిచారు. ఒక్క స్పిన్నింగు ఖాతాలోనే మనుషులు నిలవడం లేదు. ఒక ఏడాదిలో ఆ ఖాతాకు రెండున్నర రెట్ల మందిని కొత్తగా పెట్టుకోవలసి వచ్చేదట. బోనసు ఆశ పెట్టినా లాభం లేకపోయింది. ఆయన పోయి పనివాళ్లతో మాట్లాడాడు. రోజంతా నిలబడి నడుస్తూ తెగిన పోగులు అతుకుతూ ఉంటారు. పక్కవాడితో మాట ఉండదు. కాళ్లు గుంజుతాయి, మనసులో చీకటి ఆలోచనలు తిరుగుతుంటాయి. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు పది నిమిషాల చొప్పున నడుం వాల్చనిచ్చారు. మనుషులు వెళ్లిపోవడం తగ్గింది, పనీ పెరిగింది.

మన దేశంలోనూ జరిగింది. అహ్మదాబాద్‌లో 1947లో పెట్టిన అటీరా అనే బట్టల పరిశోధన సంస్థలో మనుషుల సంగతి చూడడానికే ఒక విభాగం ఉండేది, దాన్ని నడిపింది కమలా చౌదరి. 1953లో అక్కడి క్యాలికో మిల్లులో లండన్ నుంచి వచ్చిన ఏ.కె. రైస్ ఒక సంగతి కనిపెట్టాడు. 224 ఆటోమేటిక్ మగ్గాలు, 29 మంది. కొత్త మగ్గాలే, అయినా బట్ట సరిగా రాలేదు. ఒకడు పోగులు అతికేవాడు, ఒకడు కండెలు నింపేవాడు, ఎవడి పని వాడిది, ఏ మగ్గం ఎవరిదో ఎవరికీ తెలియదు. చిన్న చిన్న గుంపులు చేసి, ఇన్ని మగ్గాలు మీవి అని అప్పజెప్పారు. మగ్గాలు అవే, మనుషులు అవే. పని పెరిగింది, చెడిపోయే బట్ట తగ్గింది. మాస్టర్లు అరిస్తే పని అవుతుందని నమ్మే మన కార్ఖానాల్లో ఈ పుస్తకం ఒక్కటైనా ఉండాలనిపించింది.

మేయో సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బావ స్పిన్నింగు ఖాతావాడు.

బావ పనిచేసిన మిల్లు మూతపడి ఇరవై ఏండ్లు దాటింది. పర్మనెంటు మనిషి, పాళీ భోంగా కంటే ముందు గేటు దగ్గర ఉండేవాడు. మిల్లు పోయినంక పవర్‌లూమ్ కార్ఖానాలో 12 గంటల పాళీకి పోయిండు. కొన్నేండ్లు ఈడ్చిండు. ఈ పిల్లకు అయిదేండ్లప్పుడు ఒక రోజు పోలేదు. మర్నాడూ పోలేదు. తిండి తగ్గింది, రాత్రి నిద్ర లేదు, పలకరిస్తే పలకడు. తాగుడు లేదు, రోగం లేదు. మేము ఏం చేసినం? సోమరి అన్నం. దేవరుషి దగ్గరికి తీసుకుపోయినం. ఒక పెండ్లిలో నలుగురి ముందు నేనే అన్న, ఆడది బీడీలు చుడుతుంటే తిని కూర్చున్నడు అని. బావ విన్నడు. ఆ పెండ్లి తర్వాత మా ఇంటికి రాలేదు.

పిల్ల పుస్తకంలో డిప్రెషన్ అనే పాఠం ఉంది. దాని గుర్తులు వరుసగా రాసి ఉన్నాయి. ఒక్కొక్కటీ చదువుతుంటే తలుపు పక్కన కూర్చున్న మనిషి కనిపిస్తున్నాడు. నేను డాక్టరును కాను, బావకు ఉన్నది అదేనని అనలేను. చూపించి ఉండాల్సింది అని మాత్రం అనగలను. ఆ పాఠం అంచుల్లో పిల్ల పెన్సిల్‌తో చిన్నగా తేదీలు రాసుకుంది. అడిగితే, బాపు అన్నం తినని రోజులు అన్నది.

తల్లిదండ్రులకు ఉపయోగపడే రెండు ముక్కలు. బీఏ సైకాలజీ చేస్తే వైద్యం చేసే హక్కు రాదు. ఎంఏ రెండేండ్లు, ఆపైన ఆసుపత్రి శిక్షణ, రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు, అప్పుడు క్లినికల్ సైకాలజిస్టు అంటారు. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన ఎంబీబీఎస్ దారిన వచ్చిన డాక్టరు. బీఏ, ఎంఏ వాళ్లకు బడుల్లో కౌన్సెలర్లుగా, కంపెనీల్లో మనుషుల విభాగంలో పని దొరుకుతుంది. దారి పొడుగు, మొదట్లో జీతం చిన్నది. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేకపోతే 2022లో సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పైసలు పడవు, రాత్రయినా పలుకుతారు.

నెల తర్వాత అక్క ఇంటికి పోయిన. పుణె ఫోను మళ్లీ వచ్చింది, అదే మాట. నేను పుస్తకాలు తిరిగిచ్చి, "చదివిన. చదవనీ అక్కా" అన్న. అక్క చాట పక్కన పెట్టి, "నీకేం మామవు, ఎన్నైనా అంటవు. అయిదారేండ్లు నేను చుట్టాల్నా?" అన్నది. అది ఉత్త కోపం కాదు, లెక్క. ఆమె వేళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. భిషి నేను ఎత్తుతనని, మొదటి ఏడు ఫీజు నాదని చెప్పిన. అక్క అవునన్నది లేదు, కాదన్నదీ లేదు.

అప్పుడు బావ తలుపు దగ్గరి నుంచి అడిగిండు. "బిడ్డా, అది చదివితే నాకేమైందో తెలుస్తదా?"

ఎవరమూ కదల్లేదు. పిల్ల కాసేపు ఆగి, "తెల్వదు బాపు. తెలుసుకునుడు ఎట్లనో నేర్పిస్తరు" అన్నది.

ఆయన ఇంకేమీ అనలేదు. నేను పోయి పక్కన కూర్చున్న. పెండ్లిలో అన్న మాట సంగతి ఎత్తుదామనుకున్న గానీ నోరు పెగల్లేదు. ఇద్దరం చాయ్ తాగినం.

మర్నాడు పిల్ల కాలేజీ ఫారం నింపింది. సైకాలజీ, మరాఠీ సాహిత్యం, ఇంకో ఖాళీలో ఏదో. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. "ఏం రాయాలె బాపు?" అని అడిగింది.

బావ ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసిండు. "మిల్లు కామగార్ అని రాయి" అన్నడు. కింద తన సంతకం తానే పెట్టిండు.